మచ్చిక కాని పిల్లులకు ఆశ్రయం చేయగల మేలు
(హైదరాబాదులో కొత్త వాలంటీర్లను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. ఆదివారం ఉదయపు నిద్ర మానుకొని పిల్లుల సంరక్షణ గురించి వినడానికి ఇంతమంది రావడం సంతోషంగా ఉంది. అయితే మిమ్మల్ని కొంత నిరుత్సాహపరిచే మాటతోనే మొదలుపెట్టవలసి వస్తున్నది. మా ఆశ్రయంలో పిల్లుల విభాగానికి వచ్చే ఫోన్లలో ఎక్కువ భాగం ఒకే తీరుగా ఉంటాయి. "మేడమ్, మా సెల్లార్ల పిల్లి ఈనింది, పిల్లలను తీస్కపోండ్రి" అంటారు. ఫోను కూకట్‌పల్లి అపార్ట్‌మెంటు నుంచి వచ్చినా, మలక్‌పేటలోని పాత పెంకుటింటి నుంచి వచ్చినా అడిగేవారి గొంతులో జాలి, విసుగు రెండూ కలిసే ఉంటాయి. మేము తరచుగా ఇచ్చే సమాధానం మాత్రం "ఇప్పుడే తీసుకురావద్దు" అన్నదే. ఆశ్రయం నడిపేవారే ఇలా అనడం మీకు వింతగా తోచవచ్చు. మనిషికి మచ్చిక కాని పిల్లికి ఆశ్రయం చేయగల మేలు దాని వయసు మీద, మనం జోక్యం చేసుకునే సమయం మీద ఆధారపడి ఉంటుందనీ, ఆ రెండూ చూడకుండా చేసిన ఉపకారం అనేకసార్లు అపకారంగా మారుతుందనీ చెప్పడమే నా ఉద్దేశం.

మీ ఒడిలో పడుకొని గురకపెట్టే పెంపుడు పిల్లీ, రామ్‌నగర్ చేపల మార్కెట్ వెనక మనిషి అడుగుల చప్పుడుకే గోడ దూకి మాయమయ్యే పిల్లీ ఒకే జాతికి చెందినవి. వాటి మధ్య తేడా ప్రధానంగా పుట్టిన తొలి వారాలలో దొరికిన అనుభవం వల్ల ఏర్పడుతుంది. అమెరికాలోని టెంపుల్ విశ్వవిద్యాలయంలో ఐలీన్ కార్ష్ 1980లలో చేసిన పరిశోధనలు ఈ విషయాన్ని స్పష్టం చేశాయి. రెండో వారం నుంచి ఏడో వారం వరకు ఉండే కాలంలో మనుషుల చేతుల్లో మెలిగిన కూనలు పెద్దయ్యాక మనిషిని నమ్ముతాయి. ఆ కాలం దాటాక చేతికి వచ్చిన కూనలు అంత తేలిగ్గా నమ్మవు. రోజుకు పదిహేను నిమిషాలు నిమిరిన కూనల కంటే నలభై నిమిషాలు నిమిరినవి మనుషులకు మరింత చేరువయ్యాయని కూడా ఆమె గమనించారు. ఈ గడువు గోడ కట్టినట్టు ఒక్కరోజులో ముగిసిపోదు. ఎనిమిది, తొమ్మిది వారాల కూనలు కూడా ఓపికతో మచ్చికవుతాయి, మూడు నెలలు దాటినవాటిలోనూ కొన్ని అవుతాయి. కాని వారం గడిచేకొద్దీ మన శ్రమ పెరుగుతుంది, ఫలితం తగ్గుతుంది. ఏళ్ల తరబడి మనిషికి దూరంగా బతికిన పెద్ద పిల్లిని ప్రేమతో మార్చగలమని నమ్మి నెలల పాటు బోనులో ఉంచడం, నా అభిప్రాయంలో, దయ అనిపించుకోదు.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఇల్లు మారినప్పుడు యజమానులు వదిలేసిన పెంపుడు పిల్లి కూడా బోనులో పడిన తొలి గంటల్లో బుసకొడుతుంది, పంజా విసురుతుంది, మూలకు నక్కుతుంది. కాబట్టి మొదటి రోజు ప్రవర్తనను బట్టి ఏ పిల్లికీ ముద్ర వేయకూడదు. రెండు మూడు రోజులు నిశ్శబ్దమైన చోట ఉంచి గమనిస్తే, ఇల్లు ఎరిగిన పిల్లి మెల్లగా ముందుకు వస్తుంది, మనిషిని చూసి మ్యావ్‌మంటుంది, తోక నిలబెడుతుంది. మనిషిని ఎరగని పిల్లి సాధారణంగా మన ఎదుట గొంతు విప్పదు. మనం ఉన్నంతసేపూ తిండి ముట్టదు, దీపాలు ఆర్పి వెళ్లాకే గిన్నె ఖాళీ అవుతుంది.

శంషాబాద్, షాద్‌నగర్ వైపు నుంచి వచ్చే కూనల విషయంలో ఇంకో పరీక్ష కూడా చేయాలి. వరి కోతలప్పుడు పొలంలో కనబడిన కూనలను ఊరి పిల్లి పిల్లలనుకొని తెచ్చేవారుంటారు. కాళ్లు పొడుగ్గా, తోక పొట్టిగా, చెవుల కొసలకు చిన్న నల్లటి కుచ్చుతో ఉండే ఆ కూనలు అడవి పిల్లివి కావచ్చు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వాటిని పెంచుకోవడం నేరం. వెంటనే అటవీశాఖకు తెలియజేయాలి. తల్లి దగ్గరలోనే ఉండే అవకాశం ఎక్కువ కనుక, వాళ్ల సలహాతో అదే పొలంలో అదే చోట తిరిగి ఉంచడమే వాటికి క్షేమం. పునుగుపిల్లి కూనలనూ ఇలాగే పొరబడి తెస్తుంటారు. తిరుమల స్వామివారి సేవ పుణ్యమా అని ఆ పేరు తెలియని తెలుగువారు లేరు కాని, దాని కూన ఎలా ఉంటుందో గుర్తుపట్టేవారు తక్కువ.

సెల్లార్‌లో ఈనిన పిల్లి సంగతికి వద్దాం. పిల్లి తన పిల్లలను ఏడిళ్లు తిప్పుతుందని మన పెద్దలు అంటారు. ఏడన్న లెక్కను పక్కన పెడితే ఆ పరిశీలన నిజమే. చోటు మురికైనా, మనుషుల రాకపోకలు పెరిగినా, గండుపిల్లి అలికిడి తగిలినా తల్లి ఒక్కొక్క కూననే మెడ వెనక చర్మం పట్టుకొని కొత్త చోటికి చేరుస్తుంది. వైష్ణవ సంప్రదాయంలో మార్జాల కిశోర న్యాయమని చెప్పే శరణాగతికి ఆధారం ఈ దృశ్యమే. తల్లి నోట ఉన్నంతసేపూ కూన ఏ ప్రయత్నమూ చేయకుండా ముడుచుకొని వేలాడుతుంది. ఆ మధ్యలో ఒక కూన ఒంటరిగా కనబడినంత మాత్రాన అది అనాథ కాదు. తల్లి తిండికోసం గంటల తరబడి వెళ్లడం కూడా మామూలే. కూనలు గుండ్రని పొట్టలతో, ఒకదాని మీద ఒకటి పడి నిద్రపోతుంటే వాటికి పాలు అందుతున్నట్టే. పొట్టలు లోపలికి పోయి, మురికిగా ఉండి, ఆగకుండా ఏడుస్తుంటేనే అనుమానించాలి. నమ్మకం కుదరకపోతే చుట్టూ పలుచగా బియ్యప్పిండి చల్లి దూరంగా వెళ్లండి. తల్లి వచ్చి వెళితే అడుగుల గుర్తులు పడతాయి. మనిషి ముట్టుకుంటే తల్లి కూనలను వదిలేస్తుందన్న మాట అంతగా నిజం కాదు. మనం పదేపదే తొంగిచూస్తుంటే వాటిని మరో చోటికి మార్చేస్తుందన్నది మాత్రం నిజం. ముర్రుపాలతో కూనకు అందే రోగనిరోధక శక్తిని, తల్లి నాలుకతో జరిగే శుభ్రతను, తల్లి ఒంటి వెచ్చదనాన్ని ఏ ఆశ్రయమూ పూర్తిగా ఇవ్వలేదు. తల్లి ఉన్న కూనలను అయిదారు వారాల వయసు దాకా అక్కడే ఉండనిచ్చి, ఆ తరువాత కూనలను మచ్చికకు, తల్లిని సంతాన నిరోధక శస్త్రచికిత్సకు తీసుకురమ్మని మేము చెప్పేది అందుకే. తల్లీపిల్లలకు అక్కడ ప్రమాదం ఉంటే అందరినీ కలిపి తేవాలి. కూనలను మాత్రమే ఎత్తుకురాకూడదు.

నిజంగా తల్లి చనిపోయిన కూనలు వచ్చినప్పుడు ఆశ్రయం అసలు పరీక్ష మొదలవుతుంది. అప్పుడే పుట్టిన కూన సుమారు 100 గ్రాములు ఉంటుంది. కళ్లు తెరుచుకోవడానికి ఒకటి నుంచి రెండు వారాలు పడుతుంది. తన ఒంటి వేడిని తానే నిలుపుకోలేదు. జాలిపడిన వారందరూ మొదట చేసేది పాలు పట్టడమే. అది ఆఖరున చేయవలసిన పని. ఒళ్లు చల్లబడిన కూనకు జీర్ణకోశం పనిచేయదు. ఆ స్థితిలో పోసిన పాలు కడుపులోనే నిలిచిపోతాయి లేదా ఊపిరితిత్తుల్లోకి వెళతాయి. ముందుగా గోరువెచ్చని నీటి సీసాను మందపాటి గుడ్డలో చుట్టి పక్కన పెట్టి, నెమ్మదిగా ఒళ్లు వెచ్చబడనివ్వాలి. వేడి ఎక్కువైతే పక్కకు పాకి పోవడానికి పెట్టెలో సగం చోటు ఖాళీగా ఉండాలి. మే నెలలో హైదరాబాదు గది 38 డిగ్రీలు ఉన్నప్పుడు సీసా అక్కర్లేదు గాని, కూలర్ గాలి నేరుగా తగలకుండా చూడాలి. డిసెంబరు, జనవరి తెల్లవారుజాముల్లో మాత్రం ఒక్క గంట ఏమరుపాటు కూడా ప్రాణం మీదికి వస్తుంది.

పాల సంగతి. ఆవుపాలు, గేదెపాలు, ప్యాకెట్ పాలు కూనలకు సరిపడవు. వాటిలో లాక్టోజ్ అనే పాల చక్కెర ఎక్కువ, కూనకు కావలసిన మాంసకృత్తులు తక్కువ. విరేచనాలు పట్టుకొని ఒకటి రెండు రోజుల్లోనే నీరసించిపోతుంది. పిల్లి కూనల కోసం తయారైన పాలపొడి పెంపుడు జంతువుల దుకాణాల్లో దొరుకుతుంది. మొదటి వారంలో రెండు మూడు గంటలకొకసారి, రాత్రి పగలు తేడా లేకుండా పట్టాలి. పసిబిడ్డను పడుకోబెట్టినట్టు వెల్లకిలా పెట్టి పట్టకూడదు; తల్లి దగ్గర తాగినట్టే బోర్లా, తల కాస్త ఎత్తుగా ఉండాలి. పాలు పట్టిన ప్రతిసారీ తడిపిన వెచ్చని దూదితో వెనకభాగాన్ని మృదువుగా తుడవాలి. మూడు వారాల వయసు దాకా తల్లి నాలుక స్పర్శ లేనిదే కూన తనంతట తాను మూత్ర మల విసర్జన చేయలేదు. ఈ చిన్న పని తెలియక, పాలు బాగానే తాగుతున్న కూనను పోగొట్టుకొన్న ఇళ్లు చాలా ఉన్నాయి. ప్రతిరోజూ ఒకే వేళకు వంటింటి డిజిటల్ త్రాసులో తూచి పుస్తకంలో రాయాలి. రోజుకు పది, పదిహేను గ్రాములు పెరగాలి. ఒక రోజు పెరగకపోతే కారణం వెతకాలి. బరువు తగ్గితే అదే రోజు వైద్యుని దగ్గరకు తీసుకెళ్లాలి. చిగుళ్లు తెల్లగా పాలిపోయి ఉంటే బొచ్చులో గోమార్లు ఉన్నాయేమో చూడండి. పావుకిలో కూడా లేని ప్రాణికి గోమార్లు తాగే రక్తం చాలా పెద్ద నష్టం. అయితే కుక్కల కోసం అమ్మే గోమారు మందు వాడరాదు. వాటిలో కొన్నింట్లో ఉండే పెర్మెత్రిన్ పిల్లికి విషం. అలాగే జ్వరమనుకొని పారాసిటమాల్ వేయడం కూడా. మనకు నిరపాయమైన ఆ మాత్ర పిల్లి ప్రాణం తీస్తుంది.

అయిదారు వారాల కూనలు మచ్చికకు వచ్చినప్పుడు పని మారుతుంది. అవి పిడికెడంత ఉండి పులిలా బుసకొడతాయి. ఆ బుస భయమే తప్ప కోపం కాదు. పెద్ద గదిలో వదిలేస్తే బీరువా కింద దూరి వారం పాటు కనబడవు కాబట్టి మొదట చిన్న గూడు, అందులో దాక్కోవడానికి ఒక అట్టపెట్టె ఇవ్వాలి. తిండి గిన్నె పెట్టి వెళ్లిపోకుండా మీరు పక్కనే కూర్చోవాలి. ఉడకబెట్టిన కోడిమాంసాన్ని మెత్తగా చేసి పొడుగాటి చెంచాతో అందించాలి, రోజులు గడిచేకొద్దీ చెంచా పొట్టిదవుతుంది, చివరికి వేలి కొస నుంచే తింటాయి. తినేటప్పుడే చెంపలు నిమరాలి. నెత్తి మీద నుంచి చెయ్యి దించితే గద్ద వాలినట్టు బెదురుతాయి. కన్నార్పకుండా చూడటం పిల్లుల మధ్య బెదిరింపు. కళ్లు సగం మూసి నెమ్మదిగా తెరిస్తే పిల్లులు అలాగే స్పందిస్తాయనీ, అలా చేసిన కొత్త మనిషి దగ్గరకు రావడానికి ఎక్కువ మొగ్గు చూపుతాయనీ 2020లో ఇంగ్లండులోని ససెక్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ప్రచురించారు. మనవాళ్లు వాలంటీర్లుగా వచ్చిన తొలిరోజు దీన్ని నమ్మరు గాని, వారం తిరిగేసరికి అందరూ పిల్లి గూటి ముందు కూర్చొని కళ్లు మూసి తెరుస్తుంటారు. అన్ని కూనలను ఒకేచోట ఉంచితే అవి ఒకదానికొకటి ధైర్యమై మనిషిని పట్టించుకోవు. రెండేసి చొప్పున విడదీస్తే త్వరగా దారికి వస్తాయి. ఆడవారు, మగవారు, పిల్లలు, వృద్ధులు వంతులవారీగా ఎత్తుకోవాలి. ఒక్కరికే అలవాటైన కూన దత్తత వెళ్లిన ఇంట్లో మళ్లీ మొదటికొస్తుంది.

మచ్చిక కాని పెద్ద పిల్లికి ఆశ్రయం సత్రం వంటిది. అక్కడ రాత్రి గడుస్తుందే గాని కాపురం సాగదు. ఆడపిల్లి నాలుగు నెలల వయసుకే ఎదకు రావచ్చు. గర్భం సుమారు 63 నుంచి 65 రోజులు, పాలిస్తున్న తల్లి మళ్లీ చూడి కావడానికీ అడ్డేమీ లేదు. పగలు పొడుగ్గా ఉండే కాలమే పిల్లులను ఎదకు తెస్తుంది. పగటి వెలుగు ఏడాదంతా పెద్దగా తగ్గని మనవంటి ప్రాంతంలో ఈతలకు విరామం తక్కువ. అందువల్ల పట్టుకొని, శస్త్రచికిత్స చేసి, తిరిగి అదే చోట వదలడమే అనేక దేశాల్లో అనుసరిస్తున్న పద్ధతి. శస్త్రచికిత్స అయినట్టు గుర్తుగా, మత్తులో ఉండగానే ఒక చెవి కొసను సుమారు ఒక సెంటీమీటరు తిన్నగా కత్తిరిస్తారు. సాధారణంగా అది ఎడమ చెవి. చూడటానికి బాధగా ఉన్నా, అదే పిల్లిని రెండోసారి బోనులో పెట్టి పొట్ట కోయకుండా కాపాడే గుర్తు అదొక్కటే.

పట్టడానికి ఎండు రొయ్యలు, వేయించిన ఎండుచేప వంటి ఘాటైన వాసనగల ఎర పనికొస్తుంది. మన వేసవిలో బోను పెట్టేది సూర్యాస్తమయం తరువాతనో, తెల్లవారకముందో మాత్రమే. ఎండలో ఇనుప బోను నిమిషాల్లో కాలిపోతుంది. బోను తలుపు పడగానే దుప్పటి కప్పాలి. బోను లోపల చీకటి కాగానే పిల్లి తనను తాను బోనుకేసి కొట్టుకోవడం మానుతుంది. ఆశ్రయానికి వచ్చాక కుక్కల అరుపులు వినబడని గదిలో, నేల మీద కాకుండా బల్ల ఎత్తున గూడు ఉండాలి. లోపల దాక్కునే పెట్టె తప్పనిసరి. నెదర్లాండ్స్‌లోని ఒక ఆశ్రయంలో జరిపి 2014లో ప్రచురించిన అధ్యయనంలో, పెట్టె ఇచ్చిన పిల్లులు ఇవ్వనివాటికంటే త్వరగా కుదుటపడినట్టు తేలింది. ఖర్చు ఒక ఖాళీ అట్టపెట్టె మాత్రమే అయిన చికిత్స మనకు వేరే ఏదీ లేదు. భయంతో రెండు మూడు రోజులు పూర్తిగా తిండి మానేసిన పిల్లికి కాలేయంలో కొవ్వు పేరుకొని ప్రాణాపాయం కలుగుతుంది, కనుక గిన్నెలో ఏమి మిగిలిందో రోజూ రాయడం అలసత్వం పనికిరాని పని. శస్త్రచికిత్స అయి పూర్తిగా తెలివి వచ్చి, తిని, గాయం శుభ్రంగా ఉన్న పిల్లిని ఒకటి రెండు రోజుల్లో పట్టుకున్న చోటనే వదలాలి. చెరువు గట్టున, పార్కులో బాగుంటుందని మరోచోట వదిలితే అక్కడి పిల్లుల చేతిలోనో, రోడ్డు మీదనో దాని కథ ముగుస్తుంది.

ఆశ్రయాన్ని నేను ఇంతగా అనుమానించడానికి అసలు కారణం పాన్‌ల్యూకోపీనియా. కూనలను గంటల్లో కూల్చే ఈ వైరస్ వ్యాధి క్రిములు నేల మీద, గిన్నెల మీద ఏడాది దాకా బతికి ఉండగలవు. మన చెప్పుల మీద, బట్టల మీద ఒక గది నుంచి ఇంకో గదికి వెళతాయి. కొత్తగా వచ్చిన పిల్లిని కనీసం రెండు వారాలు విడిగా ఉంచాలి. ముందు ఆరోగ్యవంతమైన కూనల గది, తరువాత పెద్ద పిల్లులు, ఆఖరున జబ్బు గది అన్న వరుసలోనే మీ పని సాగాలి. శుభ్రం చేయడానికి మన ఇళ్లలో వాడే ఫినాయిల్ గదిలోకి తేవద్దు. ఫినాలు వర్గపు రసాయనాలను విరిచే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. పాదాలకంటిన దాన్ని నాకితే చాలు, విషమవుతుంది. నీళ్లలో పోయగానే పాలలా తెల్లబడే ద్రవాలన్నిటినీ దూరంగా ఉంచడం సులువైన నియమం. మురికిని ముందు సబ్బుతో కడిగి, ఇళ్లలో వాడే బ్లీచ్ ద్రవం ఒక పాలుకు 32 పాళ్ల నీళ్లు కలిపి, పది నిమిషాలు తడిగా ఉంచి, మళ్లీ కడగాలి. ఆశ్రయంలో ఉన్న కూనలకు ఆరో వారం నుంచి రెండు మూడు వారాలకొకసారి టీకా వేయించాలి, మూడు నెలలు నిండాక రేబిస్ టీకా.

తిండి గురించి ఒక్క మాట. అపార్ట్‌మెంటు పిల్లులకు పెరుగన్నం పెట్టే తల్లులను నేను గౌరవిస్తాను, కాని పిల్లి పూర్తిగా మాంసాహారి. దానికి అవసరమైన టారిన్ అనే పదార్థం అన్నంలో, పెరుగులో చాలినంత లేదు. ఆ లోపం గుండె కండరాన్ని దెబ్బతీస్తుందని 1987లో తేలింది. చూపు పోవడానికీ అదే కారణమవుతుంది. మాంసం వండని ఇంటివారు డబ్బాలో దొరికే పిల్లుల మేత వేయవచ్చు. వేళ పాటించి, అరగంటలో గిన్నె తీసేసి, చోటు కడిగేస్తే అసోసియేషన్ సమావేశంలో సగం గొడవలు తగ్గుతాయి. మిగతా సగానికి వాచ్‌మన్‌తో స్నేహం పనిచేస్తుంది. పిల్లులను గోనెసంచిలో కట్టి దూరంగా వదిలించాలని ఎవరైనా ప్రతిపాదిస్తే, 1960 నాటి జంతు హింస నివారణ చట్టాన్ని గుర్తుచేయడంతో పాటు మరో విషయం కూడా చెప్పండి. చెత్తకుండీ, ఎలుకలు ఉన్నంతకాలం ఖాళీ అయిన చోటికి కొత్త పిల్లులు వస్తాయి, అవి శస్త్రచికిత్స కానివై ఉంటాయి.

చివరగా మీ సంగతి. పిల్లి కాటు చూడటానికి సూది పొడిచినంత ఉంటుంది గాని, పళ్లు లోతుగా దిగి ఒక్కరోజులోనే చేయి వాపు కట్టేలా చేస్తుంది. కరచినా, రక్తం వచ్చేలా రక్కినా, సబ్బుతో పారే నీటి కింద 15 నిమిషాలు కడిగి, పసుపు, సున్నం వంటివేమీ పెట్టకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో, నల్లకుంట ఫీవర్ ఆసుపత్రిలో రేబిస్ టీకా వేస్తారు. చర్మంలోకి వేసే టీకా అయితే 0, 3, 7, 28 రోజుల్లో తీసుకోవాలి. నెత్తురు వచ్చిన గాయమైతే, రేబిస్‌ను వెంటనే అడ్డుకొనే ఇమ్యునోగ్లోబులిన్ అనే సూదిమందు గురించి కూడా వైద్యుని అడగండి. పిల్లులు మలమూత్రాలు విసర్జించే ఇసుక తొట్లు ఎత్తే పనికి గర్భిణులు రావద్దు. మిగిలినవారు తొట్లను రోజూ శుభ్రం చేస్తే, పిల్లి మలం ద్వారా సోకి గర్భంలోని శిశువుకు హాని చేయగల టాక్సోప్లాస్మా అనే క్రిమి అంటే భయపడనక్కర్లేదు, ఎందుకంటే ఆ క్రిమి మలంలో పడిన తరువాత అంటుకునే స్థితికి రావడానికి కనీసం ఒక రోజు పడుతుంది. గూళ్ల గదిలో పనిచేయాలనుకునేవారు ముందస్తు రేబిస్ టీకాలు పూర్తి చేసుకొని, ఆ కార్డు తెచ్చి కార్యాలయంలో చూపించాలి. అంతవరకు త్రాసు పుస్తకం రాయడం, అట్టపెట్టెలు సేకరించడం, దుప్పట్లు ఉతకడం వంటి పనులు ఉన్నాయి, వాటికి మనుషులు ఎప్పుడూ తక్కువే.